రెండు తాళంచెవుల లాకరు
పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత నెల ఈ పేజీలో కన్నీళ్ల గురించి రాశాను. కంటినీటిలో లైసోజైమ్ అనే ఎంజైమ్ ఉంటుందని, 1922లో దాని సంగతి బయటపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ తన ప్రయోగశాలలో పనిచేసేవాళ్ల కళ్లలో నిమ్మరసం పిండి మరీ కన్నీళ్లు పోగుచేసేవాడని చెప్పాను. మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ పాఠాలు చెప్పిన రోజుల్లో నేను నిమ్మకాయ మానేసి ఉల్లిపాయ పట్టుకున్నాను. పిల్లల చేత ల్యాబ్ బయట వరండాలో ఉల్లిపాయలు కోయించి, పసుపురంగు మైక్రోకాకస్ బ్యాక్టీరియా పరిచిన ప్లేటు మీద తలా ఒక చుక్క కన్నీరు వేయించేదాన్ని. మర్నాడు చూస్తే పసుపు పొర మధ్యలో చుక్క పడినంత మేర గాజులా తేటపడి ఉండేది. "మేడం, నా ఏడుపుకు ఇంత బలముందా!" అని ఒక అమ్మాయి ఆ ప్లేటును రోజంతా చేత పట్టుకుని తిరిగింది.

ఆ వ్యాసం చివర ఒక వాక్యం తొందరపడి రాశాను. 'మన ఒంట్లో ఇలాంటి సహజ యాంటీబయాటిక్‌లు చాలా ఉన్నాయి, వాటిలో ఎల్‌ఎల్-37 ముఖ్యమైనది' అని. అంతే, ఉత్తరాలు కట్టలుగా వచ్చాయి. అందులో ఆరు ఏరి ఈ నెలంతా దానికే కేటాయిస్తున్నాను. షుగరు, థైరాయిడ్ గురించి అడిగినవాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

మల్కాజిగిరి నుంచి ఒక తల్లి: మా అబ్బాయి గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. వాడు వెళ్లే జిమ్‌లో ఎవరో ఎల్‌ఎల్-37 అని చిన్న సీసాలు అమ్ముతున్నారట. పొడిని నీళ్లలో కలిపి సూదితో పొట్ట దగ్గర పొడుచుకోవాలట. జలుబు దగ్గర నుంచి అన్నీ పోతాయట. రెండు సీసాలు తెచ్చి ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెట్టాడు. "ఒంట్లో ఉన్నదే కదమ్మా, మీ మేడం కూడా రాసింది చూడు" అని మీ వ్యాసమే నాకు చూపిస్తున్నాడు. ఏం చెప్పమంటారు?

ముందు ఆ సీసాలను పెరుగు గిన్నె పక్క నుంచి తీయించండి. నా వ్యాసాన్ని సాక్ష్యంగా చూపించాడు కాబట్టి ఈ జవాబు మీకు కాక అతనికే రాస్తున్నాను. చదివి వినిపించండి.

బాబూ, ఒంట్లో ఉన్నదే కదా అన్నావు. కడుపులో ఆమ్లం కూడా ఒంట్లో ఉన్నదే. దాన్ని తీసి కంట్లో పోసుకోం. ఏ వస్తువు ఎక్కడ ఉండాలో, ఎంత ఉండాలో, ఎప్పుడు బయటికి రావాలో శరీరానికి ఒక లెక్క ఉంది. ఎల్‌ఎల్-37 విషయంలో ఆ లెక్క మరీ గట్టిది.

పేరు దగ్గర మొదలుపెడదాం. 1995లో దీన్ని తయారుచేసే జన్యువును ఒకరికి తెలియకుండా ఒకరు వేర్వేరు ప్రయోగశాలల్లో పట్టుకున్నారు. స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా వైద్య విశ్వవిద్యాలయం బృందం జన్యువును చదివి, దీని నుంచి 39 ఆమైనో ఆమ్లాల (ప్రొటీన్ దండలో పూసల్లాంటివి) ముక్క తయారవుతుందని అంచనా వేసి 'ఫాల్-39' అని నామకరణం చేసింది. మరుసటి ఏడాది మనిషి తెల్ల రక్తకణాల నుంచి అసలు సరుకును వేరుచేసి లెక్కపెడితే 37 మాత్రమే తేలాయి. మొదటి రెండూ లేవు. మిగిలిన గొలుసు రెండు లూసిన్‌లతో మొదలవుతుంది. లూసిన్‌కు (ఇది ఒక ఆమైనో ఆమ్లం) గుర్తు ఎల్. అలా బారసాల రెండుసార్లు జరిగింది. ఇది కాథెలిసిడిన్ అనే కుటుంబానికి చెందినది. ఆవుల్లో, పందుల్లో ఈ కుటుంబానికి సంతానం ఎక్కువ. మనిషికి మాత్రం ఇదొక్కటే.

ఆ 37లో ధనావేశం ఉన్నవి 11, రుణావేశం ఉన్నవి 5. అంటే మొత్తం మీద ఆరు ధనావేశాలు మిగులు. బ్యాక్టీరియా పైపొర రుణావేశంతో నిండి ఉంటుంది. మన కణాల పైపొరలో బయటివైపు దాదాపు తటస్థంగా ఉంటుంది, పైగా కొలెస్ట్రాల్ కలిసి బిగువుగా ఉంటుంది. అందుకని ఈ పెప్టైడ్ (ఆమైనో ఆమ్లాల పొట్టి గొలుసును అలా అంటారు) మొదట వెళ్లి అంటుకునేది బ్యాక్టీరియాకే. మామూలు నీళ్లలో తడిసిన నూలుపోగులా వదులుగా ఉండే గొలుసు, ఆ పొరను తాకగానే మెలితిరిగి స్ప్రింగులా బిగుస్తుంది. ఆ స్ప్రింగుకు ఒక పక్కంతా నూనెను ఇష్టపడే భాగాలు, ఇంకో పక్కంతా నీటిని ఇష్టపడే భాగాలు. సబ్బు జిడ్డును ఎలా విడదీస్తుందో అలాగే ఇది కొవ్వుతో చేసిన ఆ పొరలో దూరి దాన్ని చెదరగొడుతుంది. లోపలి సరుకు బయటికి కారిపోయి బ్యాక్టీరియా చస్తుంది.

అయితే బ్యాక్టీరియాకే *మొదట* అంటుకుంటుంది అన్నాను, గమనించు. మోతాదు పెరిగితే మన ఎర్ర రక్తకణాలను కూడా వదలదు. అందుకే శరీరం దీన్ని ఊరికే వదిలిపెట్టదు. బ్యాంకు లాకరు చూశావు కదా, మన తాళంచెవి ఒక్కటే చాలదు, బ్యాంకువాళ్ల తాళంచెవి కూడా పడాలి. న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణంలో సరిగ్గా ఇదే ఏర్పాటు. ఎల్‌ఎల్-37 అక్కడ విడిగా ఉండదు, హెచ్‌క్యాప్-18 అనే పెద్ద ప్రొటీన్‌కు తోకలా అతుక్కుని ఒకరకం సంచుల్లో నిద్రపోతుంటుంది. ఆ తోకను కోసే ప్రొటీనేజ్-3 అనే కత్తెర ఇంకోరకం సంచుల్లో ఉంటుంది. క్రిములు ఎదురైనప్పుడు కణం రెండు సంచులనూ బయటికి విప్పుతుంది. అక్కడ, కణం బయట, ప్రొటీన్‌కు కత్తెర తగిలితేనే పెప్టైడ్ తెగి పనికి వస్తుంది. చర్మంలో ఇదే పని చేసే కత్తెరలు వేరే ఉన్నాయి. నువ్వు కొన్న సీసాలో ఉన్నది రెండు తాళాలూ ముందే తీసేసిన సరుకు.

పోయిన వర్షాకాలంలో నల్లకుంట మార్కెట్లో క్యాబేజీ ఆకు మీద కాలు జారి పడ్డాను. మోచేయి గీరుకుపోయింది. వృత్తి అలవాటు కొద్దీ రోజూ భూతద్దం పెట్టి చూసుకున్నాను (మావారు దీన్ని పిచ్చి అన్నారు). మొదటి గంటలో రక్తం ఆగి, తేనెరంగు నీరు ఊరింది. మర్నాటికి అంచులు ఎర్రగా పొంగాయి, ముట్టుకుంటే వేడి. మూడో రోజున పల్చటి పక్కు కింద గులాబీరంగు చర్మం అంచు నుంచి లోపలికి పాకడం స్పష్టంగా కనబడింది. చీము పట్టలేదు. మనుషుల చర్మం మీద చిన్న గాయం చేసి చూసిన స్వీడన్ పరిశోధకులు 2003లో చెప్పింది ఇదే వరస: ఎల్‌ఎల్-37 తల్లి ప్రొటీన్ గాయమైన 48 గంటలకు బాగా పెరిగి, గాయం మూసుకోగానే మామూలు స్థాయికి దిగిపోతుంది. మానని మొండి పుండ్ల అంచుల్లో అది లేదు. క్రిములను చంపడంతో పాటు మిగతా తెల్లకణాలను పిలవడం, కొత్త రక్తనాళాలు మొలిపించడం, చర్మకణాలను ముందుకు నడిపించడం కూడా దీని పనులే. నా మోచేతిలో అదంతా రెండు మూడు రోజుల్లో జరిగి ఆగిపోయింది. 'ఆగిపోయింది' అన్న మాట ముఖ్యం.

ఆగకపోతే? అండాశయం, రొమ్ము కణితుల్లో ఇది ఎక్కువగా ఉండి వాటి పెరుగుదలకే సాయపడుతున్నట్టు ప్రయోగాల్లో కనబడింది. రక్తనాళాలు మొలిపించే గుణం గాయానికి మేలు, కణితికి ఇంకా మేలు.

మందుగా వాడి చూడలేదా అంటే చూశారు. కాలి సిరల పుండ్లున్న 34 మంది మీద, పుండు పైపూతగా, స్వీడన్‌లో పరీక్షించి 2014లో ఫలితాలు చెప్పారు. తక్కువ మోతాదులు రెండూ బాగా పనిచేశాయి. అన్నిటికన్నా ఎక్కువ మోతాదు మాత్రం ఉత్త పూతకన్నా మెరుగు కాలేదు. తర్వాత ఇంకా పెద్దయెత్తున చేసినప్పుడు మొత్తం మీద చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. ఇదంతా డాక్టర్ల చేతుల్లో, కొలిచి, పుండు మీద రాసిన సంగతి. పొట్ట దగ్గర పొడిస్తే జలుబు పోతుందని చూపించిన పరీక్ష ఏదీ నా కంటపడలేదు. రక్తంలోకి వెళ్లిన పెప్టైడ్‌ను అక్కడి ప్రొటీన్లు పట్టేసుకుంటాయి, ఎంజైమ్‌లు ముక్కలు చేస్తాయి. మన దేశంలో ఇది ఆమోదం పొందిన మందు కూడా కాదు. సీసా మీది చిన్న అక్షరాలు చదువు. ఇలాంటివాటి మీద చాలావరకు 'పరిశోధనకు మాత్రమే' అని ఉంటుంది. అమ్మినవాడు ఆ వాక్యంతో తనను తాను కాపాడుకున్నాడు. నిన్నెవరు కాపాడతారు?

ఉప్పల్ నుంచి పదో తరగతి విద్యార్థిని: మేడం, కప్ప మురికినీళ్లలోనే ఉంటుంది కదా, దానికి దెబ్బ తగిలితే చీము ఎందుకు పట్టదు? కప్పకు కూడా ఎల్‌ఎల్-37 ఉందా?

నీ ప్రశ్నే అమెరికాలో మైకేల్ జాస్లాఫ్‌కు వచ్చిందమ్మా. ఆయన వేరే పరిశోధన కోసం ఆఫ్రికా కప్పలకు ఆపరేషన్ చేసి, కుట్లు వేసి, మళ్లీ ఆ మామూలు తొట్టినీళ్లలోనే వదిలేసేవాడు. నీళ్ల నిండా క్రిములు. అయినా గాయాలు శుభ్రంగా మానేవి. కప్ప చర్మాన్ని వెతికితే రెండు పెప్టైడ్‌లు దొరికాయి. 1987లో వాటికి హీబ్రూ భాషలో డాలు అనే అర్థం వచ్చే మాటతో 'మాగైనిన్' అని పేరు పెట్టాడు. అంతకు కొన్నేళ్ల ముందే స్వీడన్‌లో హాన్స్ బోమన్ ఒక పెద్ద పట్టుపురుగు జాతి ప్యూపాలకు బ్యాక్టీరియా ఎక్కించి, అవి తయారుచేసుకున్న ఆయుధాన్ని పట్టుకున్నాడు. దాని పేరు సెక్రోపిన్. ఎల్‌ఎల్-37 జన్యువును పట్టుకున్న స్టాక్‌హోమ్ బృందంలో కూడా ఆయన ఉన్నాడు. పట్టుగూటి నుంచి మనిషి దాకా ఒకే దారాన్ని లాగాడన్నమాట.

కప్పకు, పట్టుపురుగుకు, నీకు ఉన్నవి వేర్వేరు పెప్టైడ్‌లు. కిటుకు మాత్రం ఒకటే: ధనావేశం, ఒక పక్క నూనె, ఒక పక్క నీరు.

నువ్వు ఉప్పల్‌లో ఉంటున్నావు కాబట్టి ఇంకో మాట. మీ రోడ్డు మీదే హబ్సిగూడ దగ్గర సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ ఆర్. నాగరాజ్ బృందం దశాబ్దాల పాటు ఇలాంటి పెప్టైడ్‌లు కణపొర మీద ఎలా ప్రవర్తిస్తాయో అధ్యయనం చేసింది. సెప్టెంబరు చివర్లో దాని మాతృసంస్థ సీఎస్‌ఐఆర్ వ్యవస్థాపక దినం సందర్భంగా బడిపిల్లలను లోపలికి రానిస్తారు. మీ సైన్సు మాస్టారిని ఇప్పటినుంచే పట్టుకుని అడుగుతూ ఉండు. సెల్ఫీలు తర్వాత, ముందు మైక్రోస్కోపు దగ్గర నిలబడు.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక అమ్మమ్మ: మా అమ్మాయికి నార్మల్ కాన్పు అయింది. బిడ్డ ఒంటి మీద తెల్లగా వెన్న రాసినట్టు ఉంటే, తుడిచి స్నానం చేయించమన్నాను. నర్సు ససేమిరా అంది, రేపటిదాకా నీళ్లు పోయొద్దంది. మా కాలంలో ఇలా ఉందా? రెండో రోజు ఒంటి నిండా ఎర్రటి పొక్కులు వచ్చాయి. ఆ జిడ్డు ఉంచడం వల్లే వచ్చాయని నా అనుమానం.

అమ్మా, ఈసారి నర్సు గెలిచింది. ఆ వెన్నలాంటి పూత మురికి కాదు. కడుపులో ఉన్నన్నాళ్లూ బిడ్డ చర్మం నీళ్లలో నానిపోకుండా కాపాడింది అదే. అందులో లైసోజైమ్, ఎల్‌ఎల్-37 లాంటి సరంజామా ఉందని పరిశోధకులు వేరుచేసి చూపించారు. క్రిములు లేని గర్భం నుంచి బిడ్డ ఒక్కసారిగా మన మధ్యకి వస్తుంది. బొడ్డు దగ్గర నుంచి ముక్కు దాకా క్రిములు కాపురం పెట్టడానికి పోటీపడే సమయమది. సొంత సైన్యం ఇంకా తర్ఫీదు పొందని ఆ గంటల్లో పుట్టుకతో వచ్చిన కవచాన్ని మనం సున్నిపిండితో రుద్ది తీసేస్తున్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా కనీసం 24 గంటలు స్నానం ఆపమంటుంది. దానికి ఇంకో పెద్ద కారణం, తడిసిన పసిబిడ్డ ఒళ్లు చల్లబడిపోవడం.

రెండో రోజు పొక్కులు చాలామంది పిల్లల్లో వస్తాయి. మధ్యలో చిన్న తెల్లచుక్క, చుట్టూ ఎర్రదనం, ఇవాళ వీపు మీద ఉంటే రేపు తొడ మీద. బిడ్డ పాలు బాగా తాగుతూ, జ్వరం లేకుండా ఉంటే కొద్దిరోజుల్లో వాటంతట అవే పోతాయి. ఆ పొక్కుల్లో చూసినా ఎల్‌ఎల్-37 కనబడింది. చర్మం మొదటిసారి క్రిములను చూసి చేసే హడావిడి అది. బిడ్డ పాలు మానేసినా, ఒళ్లు వేడెక్కినా, పొక్కుల్లో చీము నిండినా మాత్రం ఆ రోజే చూపించండి.

మీ వైపు మాట కూడా ఒకటి ఉంది. ముర్రుపాలు పిండి పారబోయకుండా పట్టించామని ఉత్తరం చివర రాశారు. తల్లిపాలలో కూడా ఈ పెప్టైడ్ ఉంది. సున్నిపిండి నలుగు నాలుగు వారాలు ఆగినా నష్టం లేదు, మీ చేతులకు పని తగ్గుతుందంతే.

రాంనగర్ నుంచి ఒక రిటైర్డ్ గుమాస్తా: ఎండలో డి విటమిన్ వస్తే ఎల్‌ఎల్-37 పెరుగుతుందని, అది క్షయ క్రిమిని చంపుతుందని చదివాను. మా తమ్ముడికి ఆరేళ్ల కింద టీబీ వచ్చి తగ్గింది. అప్పటినుంచి నేను రోజూ ఉదయం ఆరున్నరకు బాల్కనీలో అద్దాల వెనక అరగంట కూర్చుంటున్నాను. వారానికొకటి 60,000 యూనిట్ల డి విటమిన్ పొడి కూడా రెండేళ్లుగా వేసుకుంటున్నాను. నాకిక టీబీ రానట్టేనా?

అయ్యా, మీరు చదివింది నిజమే. ముందు దాన్ని పూర్తిగా చెబుతాను, తర్వాత మీతో కాస్త పోట్లాడతాను.

ఎండకూ క్షయకూ చుట్టరికం పాతది. చర్మానికి వచ్చే క్షయను దీపకాంతితో నయం చేసినందుకు డెన్మార్క్ వైద్యుడు నీల్స్ ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ బహుమతి ఇచ్చారు. మందులు లేని రోజుల్లో రోగులను కొండల మీదికి పంపి గాలిలో, ఎండలో పడుకోబెట్టేవారు. మన వికారాబాద్ దగ్గర అనంతగిరి, మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం అలా వెలసినవే. లోపల జరిగేదేమిటో 2006లో లాస్ ఏంజెలిస్ శాస్త్రవేత్తలు వివరించారు. క్షయ క్రిమి ఆనవాలు తగలగానే క్రిములను మింగే మన మాక్రోఫేజ్ కణాలు రక్తంలోని డి విటమిన్‌ను తీసుకుని చురుకైన రూపంలోకి మార్చుకుంటాయి. అది ఎల్‌ఎల్-37 జన్యువు మీది మీటను నొక్కుతుంది. పెప్టైడ్ తయారై లోపల దాక్కున్న క్రిమి మీద పడుతుంది. ఆ మీట మనుషుల్లో, కోతుల్లో ఉంది, ఎలుకల్లో లేదు. ప్రయోగశాల ఎలుకలను నమ్ముకుని ఉంటే ఈ సంగతి ఎన్నటికీ తెలిసేది కాదు.

గిన్నెలో కణాల మీద ఇంత ముచ్చటగా పనిచేసింది కదా, మరి మనుషుల్లో? మంగోలియాలో డి విటమిన్ బాగా తక్కువగా ఉన్న 8,851 మంది బడిపిల్లలకు మూడేళ్ల పాటు వారం వారం డి విటమిన్ గానీ ఉత్త మాత్ర గానీ ఇచ్చారు. రక్తంలో విటమిన్ పెరిగింది. క్షయ క్రిమి సోకడం మాత్రం రెండు గుంపుల్లోనూ ఒకేలా ఉంది. 2020లో వచ్చిన ఈ ఫలితం చూసి నేను రెండు రోజులు దిగులుపడ్డాను. అంత అందమైన కథ అడ్డం తిరిగిందని. మీట నొక్కగానే దీపం వెలగాలంటే వైర్లు, కరెంటు, బల్బు అన్నీ ఉండాలి మరి.

ఇక పోట్లాట. ఉదయం ఆరున్నర ఎండ కళ్లకు హాయి, డి విటమిన్‌కు దండగ. దాన్ని తయారుచేయించే అతినీలలోహిత కిరణాలు ఆ వేళ నేలకు దాదాపు చేరవు. చేరిన కాసినిని మీ బాల్కనీ అద్దం ఆపేస్తుంది. పదకొండు దాటాక అద్దం లేనిచోట, చేతులు కాళ్లు ఎండ తగిలేలా కాసేపు తిరిగితే చాలు. మే నెలలో ఆ కాసేపు కూడా తగ్గించుకోండి, హైదరాబాద్ ఎండతో పంతాలు వద్దు. 60,000 యూనిట్ల పొడి లోపం ఉన్నవాళ్లకు కొన్ని వారాలు ఇచ్చే చికిత్స మోతాదు. రెండేళ్లు ఆపకుండా వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలకు చేటు. ఈ వారమే డాక్టరును కలిసి డి విటమిన్, కాల్షియం, క్రియాటినిన్ పరీక్షలు చేయించండి. అప్పటిదాకా పొట్లం విప్పొద్దు.

క్షయ భయానికి నా సలహా చప్పగా ఉంటుంది: రెండు వారాలు దాటి దగ్గు ఉంటే కళ్లె పరీక్ష, రోజూ పప్పు, గుడ్డు. జార్ఖండ్‌లో 2,800 మంది క్షయ రోగుల కుటుంబాలను ఎంచుకుని, కొన్ని కుటుంబాల్లో రోగితో పాటు ఇంట్లో అందరికీ అదనపు తిండిగింజలు, పప్పు ఇచ్చి చూశారు. 2023లో వచ్చిన ఫలితాల ప్రకారం ఆ ఇళ్లలో కొత్తగా క్షయ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. విటమిన్ మాత్ర చేయలేని పని కందిపప్పు చేసిందంటే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ గేటు ముందు నుంచి ముప్ఫై ఏళ్లు బస్సెక్కిన నాకు ఆశ్చర్యం వేయలేదు.

కూకట్‌పల్లి నుంచి ఒకరు: నాకు పదకొండేళ్లుగా సోరియాసిస్. రోగనిరోధక శక్తి తగ్గడం వల్లే వచ్చిందని అందరూ అంటారు. శక్తి పెంచే చూర్ణాలు మూడు రకాలు వాడుతున్నాను. ఎల్‌ఎల్-37 పెంచుకుంటే తగ్గుతుందా?

మీకు అది తక్కువై జబ్బు రాలేదు. సోరియాసిస్ మచ్చల్లో ఎల్‌ఎల్-37 కుప్పలుగా ఉంటుంది. అందుకే చూడండి, అంతగా పొలుసులు రాలి, పగిలి, ఒక్కోసారి రక్తం కారినా ఆ మచ్చల్లో చీము పట్టడం అరుదు. ఎగ్జిమా ఉన్నవాళ్ల చర్మంలో ఇది తక్కువ, వాళ్లకు స్టెఫైలోకాకస్ క్రిమి ఊరికే అంటుకుంటుంది. రెండు జబ్బులూ పైకి దురదే, లోపల ఒకటి కరువు, ఒకటి వరద.

వరద వల్ల ఏమవుతుందో 2007లో తేలింది. చనిపోయిన మన కణాల నుంచి డీఎన్‌ఏ బయటపడటం మామూలే, దాన్ని శరీరం పట్టించుకోదు. డీఎన్‌ఏకు రుణావేశం, ఎల్‌ఎల్-37కు ధనావేశం. రెండూ ఉండకట్టుకుంటాయి. ఆ ఉండను రోగనిరోధక కణాలు మింగి, వైరస్ వచ్చిందనుకుని గంట కొడతాయి. ఇంటివాడినే దొంగ అనుకుని వీధి వీధంతా కర్రలు పట్టుకు రావడం లాంటిది. కొందరు రోగుల్లో ఎల్‌ఎల్-37నే శత్రువుగా గుర్తుపట్టే టీ-కణాలు కూడా ఉన్నాయి. గీరుకున్నచోట, బెల్టు ఒరుసుకున్నచోట కొత్త మచ్చ లేవడం మీరు చూసే ఉంటారు. గాయమైతే ఈ పెప్టైడ్ పెరుగుతుందని పైన చెప్పాను కదా, దాన్నీ దీన్నీ కలిపి చదువుకోండి.

అందుకని 'శక్తి పెంచే' మాటకు దూరంగా ఉండండి. చూర్ణాల్లో ఏముందో నాకు తెలియదు, మీకూ తెలియదు, అదే వాటితో చిక్కు. మూడు డబ్బాలూ తీసుకెళ్లి చర్మవైద్యులకు చూపించండి. స్నానంలో పీచు పెట్టి పొలుసులు రుద్దడం ఇవాళే మానండి. కొబ్బరినూనె రాసి నాననిచ్చి మెత్తని గుడ్డతో తుడవండి. కీళ్లు పొద్దున్నే బిగుసుకుంటుంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి, అడగకపోయినా సరే.

చిక్కడపల్లి నుంచి ఒక దంతవైద్య విద్యార్థి: ఎల్‌ఎల్-37 అసలే లేని మనుషులు ఉంటారా?

ఉంటారు, వాళ్ల కథ మీ నోటి దగ్గరదే. కోస్ట్‌మన్ వ్యాధి అని, పుట్టుకతోనే న్యూట్రోఫిల్స్ దాదాపు ఉండవు. ఇప్పుడు ఇంజెక్షన్లతో వాటి సంఖ్య పెంచి పిల్లలను బతికిస్తున్నారు. సంఖ్య పెరిగినా చిగుళ్లు మాత్రం వాచి, చిన్న వయసులోనే పళ్లు కదిలిపోయేవి. ఎందుకో 2002లో స్వీడన్‌లో చూశారు. కణాలు తిరిగొచ్చాయి కానీ వాటిలో ఎల్‌ఎల్-37 లేదు. మొత్తం ఎముక మజ్జ మార్పిడి చేయించుకున్న ఒక రోగికి పెప్టైడ్ మామూలుగా ఉంది, చిగుళ్లూ బాగున్నాయి. పాపియాన్-లెఫెవ్ర్ వ్యాధి మీ పుస్తకంలో ఉంటుంది, అరచేతులు మందమై పళ్లు ఊడిపోయేది. అక్కడ పెద్ద ప్రొటీన్ ఉంటుంది, కోసే కత్తెర ఉండదు. లాకరు ఉంది, రెండో తాళంచెవి లేదు.

ఇబ్రహీంపట్నం నుంచి ఒక రైతు (ఇది ఏరిన ఆరింటిలో లేదు, ఆలస్యంగా వచ్చింది): వరికోతల్లో గడ్డిపరక కంట్లో గీసుకుంది. నాలుగు రోజులైంది, ఎర్రగా ఉంది, తెల్లటి చుక్క కనబడుతోంది. కన్నీళ్లే క్రిములను చంపుతాయని మీరు రాశారు. ఇంటిపక్కన బాలింత ఉంది, తల్లిపాలు రెండు చుక్కలు వేసుకుంటే చాలంటున్నారు.

ఈ ఉత్తరానికి పత్రికలో జవాబిస్తే నెల పట్టేది. అడుగున ఫోను నంబరు ఉండబట్టి అందిన పూటే మాట్లాడాను. ఇక్కడ అచ్చు వేస్తున్నది మిగతావాళ్ల కోసం. కన్నీళ్లలో లైసోజైమ్ ఉంది, నల్లగుడ్డు పైపొర గాయపడితే ఎల్‌ఎల్-37 కూడా పెరుగుతుంది, తల్లిపాలలో అదే ఉంది. అన్నీ నిజాలే. గడ్డిపరక వెంట లోపలికి దిగిన బూజుకు ఇవి చాలవు. పాలు, ఆముదం, ఆకుపసరు పుండు మీద వేస్తే కొత్త క్రిములను పిలిచి కూర్చోబెట్టినట్టే. స్టెరాయిడ్ ఉన్న చుక్కలు మందులషాపులో అడిగి వేసుకుంటే ఇంకా ప్రమాదం. ఎరుపు, నొప్పి, తెల్లచుక్క ఉంటే అదే రోజు కంటి ఆస్పత్రికి వెళ్లాలి.

ఆయన సాయంత్రమే నగరానికి వచ్చి చూపించుకున్నారు. పుండు మీద కొద్దిగా గీకి మైక్రోస్కోపు కింద పెడితే బూజు పోగులు కనబడ్డాయట. నాటమైసిన్ చుక్కలు గంటకోసారి వేయమన్నారు. మొన్న మళ్లీ ఫోను చేస్తే ఆయన మనవరాలు ఎత్తింది. ఒక్క గంట కూడా తప్పకుండా, వేసిన ప్రతిసారీ పలక మీద ఒక గీత గీస్తోందట.